జవాబు రాయనివారు

సోమవారం

నేడు చెత్త మెయిలు ఒక్కటి కూడా రాలేదు. లాటరీ గెలుచుకున్నానన్న శుభవార్త లేదు, బట్టతలకు మందు లేదు, ఎక్కడో మరణించిన కోటీశ్వరునికి ఏకైక వారసురాలిని నేనేనన్న ప్రకటన లేదు. మా అరుదైన రక్తదాతల రిజిస్ట్రీ మెయిలు పెట్టె కడిగి బోర్లించిన గిన్నెలా ఉన్నది. ఈ విభాగం నా చేతికి వచ్చిన తరువాత ఇంతటి శుభ్రతను చూడటం ఇదే ప్రథమం.

కారణం నాకు తెలుసు. శుక్రవారం నాడు గదిని సమూలంగా శుభ్రపరచాను. బల్ల కింద ఒక పాత డబ్బా ఏళ్ల తరబడి రొద చేస్తూ ఉండేది. నాకు ముందు ఈ పని చూసిన కళ్ళజోడు (ఆఫీసులో అందరూ ఆయనను అలాగే పిలిచేవారు, నేను పైకి ఎన్నడూ పిలవలేదు) దాని గురించి ఒక్క ముక్క కూడా రాసిపెట్టకుండా వెళ్ళిపోయాడు. తెరిచి చూశాను. దానిలో మెయిళ్ళు లేవు, దాతల వివరాలు లేవు. చిరునామా అడిగితే వెతికి తెచ్చే చిన్న డి.ఎన్.ఎస్. ప్రోగ్రాము మాత్రమే ఉన్నది. ఆ పనికి లోకమంతా వాడుకునే పెద్ద ఉచిత సర్వీసు ఉండగా బల్ల కింద ఈ రొద ఎందుకు? మెయిలు సర్వరును ఆ పెద్ద సర్వీసు వైపు తిప్పి, డబ్బాను స్టోరుకు పంపించాను. గుట్టలుగా పేరుకున్న పాత లాగులను, అనగా వచ్చిపోయిన మెయిళ్ళ చిట్టాలను సైతం రెండు రోజులకు మించి ఉంచనవసరం లేకుండా తగ్గించాను.

వెళ్ళేముందు రెండు రోజులు పక్కన కూర్చుని అంతా చూపిస్తానని కళ్ళజోడు అన్నాడు. సగం జీవితం ఇదే ఆఫీసులో టెలిఫోను బల్ల ముందు ఆపరేటరుగా గడిపి, ఆ బల్లను ఎత్తివేసినప్పుడు రాత్రి కళాశాలలో చేరి పట్టా పుచ్చుకున్న మనిషికి ఎవరూ పక్కన కూర్చుని చూపించనవసరం లేదు. ఆ మాట మర్యాదగానే చెప్పాను.

ఇంటికి వచ్చి మావారికి ఈ సంగతి చెప్పాను. ఆయన లిఫ్టులు బాగుచేస్తారు. "ఎవరూ ఎక్కకపోతే మా లిఫ్టు కూడా చప్పుడు చెయ్యదు, ఇంజినీరు గారూ" అన్నారు. ఆయనకు ప్రతి విషయమూ హాస్యమే.

మంగళవారం

ముఖ్యమైన పని వచ్చింది. ఒక దర్జీ భార్యకు గుండె కవాటం మార్చాలి. బయటి నుంచి వచ్చే సర్జను వచ్చే వారం శుక్రవారం ఒక్కరోజే ఉంటారు. ఆమెది వేలమందిలో ఒకరికి కూడా ఉండని గ్రూపు. కనీసం రెండు సంచుల రక్తం చేతిలో లేనిదే కత్తి పట్టనని సర్జను తేల్చి చెప్పారు. పరీక్షలకు ఒక రాత్రి పడుతుంది కావున, దాతలు ఆ గురువారం లోపల వచ్చి తీరాలి.

ఆ గ్రూపు దాతలందరికీ అభ్యర్థన పంపమని డైరెక్టరు గారు ఆదేశించారు. దాతల ఫోను నంబర్లు మేము పెట్టుకోము. పూర్వం రోగుల బంధువులు నంబర్లు సంపాదించి దాతల ఇళ్ళ మీద పడ్డారు, ఒకాయన ఉద్యోగం చేసే చోట గొడవ చేశారు. ఆనాటి నుంచి మాకూ దాతలకూ మధ్య మెయిలు ఒక్కటే దారి. ఆ దారికి కాపలా నాది. ఉత్తరాన్ని మూడుసార్లు తిరగరాసి, పది గంటలకు పంపాను.

నడవాలో బెంచీ మీద దర్జీ కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు.

"పంపారా మేడమ్?"

"పంపాను. కూర్చోండి."

"చదువుతారంటారా?"

"మన దాతలు బాధ్యత గలవారు. సాయంత్రానికి జవాబులు వస్తాయి" అన్నాను.

బుధవారం

ఎవరూ రాయలేదు.

గురువారం

ఎవరూ రాయలేదు.

లోపం మా వైపు ఉన్నదేమోనని, బాధ్యత గల ఉద్యోగినిగా, పరీక్షించాను. నా బల్ల నుంచి నాకే ఒక మెయిలు పంపుకున్నాను. కన్ను మూసి తెరిచే లోపల వచ్చింది. అనుమతి జాబితాలో ఉన్న ఆసుపత్రుల మెయిళ్ళు సైతం యథావిధిగా వస్తున్నవి. సర్వరు నిక్షేపంగా ఉన్నది.

చెత్త పెట్టెను కూడా ఒకసారి తెరిచి చూద్దామనిపించింది. తెరవలేదు. మొదటి నెలలో ఒకసారి తెరిచినప్పుడు, ల్యాబు అమ్మాయిలు వెనుక నుంచి తొంగిచూసి, "మేడమ్ ఏం చదువుతున్నారో చూడండే" అని పగలబడి నవ్వారు. తెర మీద ఉన్న బొమ్మ అటువంటిది. అందులో పడినవి ఐదు రోజులు దాటితే వాటంతట అవే చెరిగిపోతాయి. మర్యాదస్తులు చూడవలసినది అందులో ఏమీ ఉండదు.

దర్జీ బెంచీ మీద నుంచి నా వంక చూశాడు. నేనే ఆగి చెప్పాను: "ఏం చేస్తామండీ, మనుషుల్లో దయ అడుగంటిపోయింది. అర్జీ పెట్టినప్పుడు అందరూ దాతలే. అవసరం వచ్చేసరికి ఒక్కరూ ఉండరు."

"అంతేనంటారా" అన్నాడు.

"అంతే."

శుక్రవారం

ఇంకొక ఉత్తరం పంపాను. డైరెక్టరు గారు మీటింగులో ఉన్నందున చూపించడం వీలుపడలేదు. ఒక భాగాన్ని ఇక్కడ నకలు చేసుకుంటున్నాను, ఎందుకంటే నా రచనలలో ఇది ఉత్తమమైనదని నా అభిప్రాయం:

'మీ పేర్లను దాతల జాబితాలో చేర్చుకున్న రోజున మీరు గర్వించి ఉంటారు. నేడు ఒక స్త్రీ ప్రాణం మీ మౌనం మీద ఆధారపడి ఉన్నది. హృదయం లేనివారికి హృదయ రోగి బాధ ఎలా తెలుస్తుంది? రేపు మీ ఇంటివారికే ఈ అవసరం వస్తే మేము ఎవరి తలుపు తట్టాలి?'

శనివారం

ఎవరూ రాయలేదు. ఇంత రాసిన తరువాత కూడా.

అన్నం తింటూ మావారికి ఉత్తరం చదివి వినిపించాను. ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి, "ఒక్కడూ తిరిగి తిట్టలేదా?" అని అడిగారు.

"ఎందుకు తిడతారు?"

"అన్ని మాటలన్నావు కదా. నన్నంటే నేను ఊరుకుంటానా? తిట్టేవాడైనా ఒకడుండాలి కదే. మెట్ల మీద జనం ఉండి, లిఫ్టు గంట ఎవరూ కొట్టలేదంటే మేము గంట విప్పి చూస్తాం."

మనుషులు లిఫ్టు గంటలు కారని చెప్పాను. 

ఆదివారం

సెలవు. అలమరాలు దులిపాను.

సోమవారం

ఈరోజు జరిగినదంతా వరుసగా రాయాలి, లేనిచో రేపు డైరెక్టరు గారి ఎదుట నాకు మాట పెగలదు.

పదకొండు గంటల వేళ బస్సు డ్రైవరు యూనిఫాంలో ఒక భారీ మనిషి గుమ్మంలో నిలబడి, "రక్తం అడిగింది ఇక్కడేనా?" అన్నాడు.

"మీరెవరు?"

"హృదయం లేనివాళ్ళు అని రాశారే, వాళ్ళలో ఒకణ్ణి."

కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"మూడు మెయిళ్ళు పెట్టానమ్మా. మొదటిది మంగళవారం, సగం అన్నంలో. వస్తా, ఎప్పుడు రమ్మంటారో చెప్పండి అని. ఉలుకూ పలుకూ లేదు. గురువారం ఇంకోటి పెట్టా. శుక్రవారం మీ తిట్లు అందాక మూడోది పెట్టా, దాంట్లో నేనూ రెండు మాటలన్నాననుకోండి. మీకు రక్తం కావాలా, తిట్టడానికి మనిషి కావాలా? అది తెలుసుకుందామనే డ్యూటీ మార్చుకుని వచ్చా."

"మాకు ఒక్కటి కూడా అందలేదు" అన్నాను. నా గొంతు టెలిఫోను బల్ల నాటి గొంతులా, మర్యాదగా వినిపించింది.

"అయితే నేను అబద్ధమాడుతున్నానా?" అని ఫోను తీసి నా ముఖం ముందు పెట్టాడు. మూడు మెయిళ్ళూ ఉన్నాయి. మా చిరునామా అక్షరం పొల్లు పోకుండా ఉన్నది.

"నా ఎదుటే ఇంకొకటి పంపండి."

"ఏం రాయమంటారు?"

"ఏదైనా."

బొటనవేలితో నెమ్మదిగా కొట్టి పంపాడు. 'వచ్చి నిలబడ్డాను' అని రాశాడు. ఇద్దరమూ నా తెర వంక చూస్తూ నిలబడ్డాము. ఏమీ రాలేదు.

"మీ ఫోనులో సిగ్నల్ లేనట్టున్నది" అన్నాను.

"నిండా ఉందమ్మా" అన్నాడు, ఈసారి మెల్లగా. నా ముఖం చూసి జాలిపడ్డాడని అర్థమైంది. అంతకంటె తిట్టి ఉంటే బాగుండేది.

ఆయనను ల్యాబుకు పంపించి, సర్వరు లాగు తెరిచాను. ఆయన మెయిలు మా గుమ్మం వరకూ వచ్చింది. గుమ్మంలో చెత్త మెయిళ్ళను ఆపే మా స్పామ్ ఫిల్టరు, నియమం ప్రకారం, చెడ్డ చిరునామాల జాబితా నడిపే సంస్థను 'ఈ చిరునామా చెడ్డదా?' అని అడిగింది. ఏదో జవాబు వచ్చింది. ఫిల్టరు 'చెడ్డదే' అని ముద్రవేసి, దానిని చెత్త పెట్టెలోకి నెట్టింది.

ఆ సంస్థ వెబ్‌సైటుకే వెళ్ళి అదే చిరునామా వేసి అడిగాను. మా జాబితాలో లేదు, మంచిదే అని చెప్పింది. అనగా నేను అడిగితే మంచివాడు, నా యంత్రం అడిగితే చెడ్డవాడు.

అప్పుడు యంత్రం అడిగే పద్ధతిలోనే చేత్తో ఒక్కొక్క చిరునామా అడుగుతూ పోయాను. గ్రంథాలయం చెడ్డదే. అగ్నిమాపక కేంద్రం చెడ్డదే. నేను చదువుకున్న రాత్రి కళాశాల చెడ్డదే. ప్రతి ప్రశ్నకూ ఒకటే అంకె జవాబుగా వచ్చింది. ఆ అంకెకు అర్థమేమిటో చూద్దామని సంస్థ వారి నిబంధనల పేజీ తెరిచాను. పేజీ చివర చిన్న అక్షరాలలో ఉన్నది. లక్షలమంది వాడుకునే పెద్ద ఉచిత డి.ఎన్.ఎస్. సర్వీసుల ద్వారా వచ్చే ప్రశ్నలకు మేము జవాబు చెప్పము, ఆ గుంపులో అడుగుతున్నది ఎవరో మాకు తెలియదు కనుక. అటువంటి వారికి ఈ అంకె పంపుతాము. సొంతంగా వచ్చి అడగండి.

వారు పంపినది 'నీకు చెప్పను' అన్న మాట. అంకె ఏదైనా సరే వస్తే చెడ్డదేనని మా ఫిల్టరుకు ఎవరో నేర్పి ఉన్నారు. అందుచేత 'చెప్పను' అన్నది 'చెడ్డవాడు' అయింది. బల్ల కింద రొద చేసిన డబ్బా ఇన్నేళ్ళూ చేసినది ఇదే: మా తరఫున సొంతంగా వెళ్ళి అడిగి రావడం.

చెత్త పెట్టె తెరిచాను.

మంగళవారం

నిన్న ఆ మాట దగ్గర కలం ఆగిపోయింది. నేడు రాస్తాను.

లాటరీల నడుమ, బట్టతల మందుల నడుమ వారంతా ఉన్నారు. ఒక లెక్చరరు గారు జ్వరం తగ్గాక వస్తానన్నారు. ఒక తల్లి తాను పసిబిడ్డకు పాలిస్తున్నాననీ, ఇవ్వవచ్చునో లేదో తెలపమనీ అడిగింది, ఇవ్వకూడదు. ఒక ఓడ వంటవాడు గురువారం తెల్లవారుజామున, ఈ రాత్రి ఓడ ఎక్కుతున్నాను, ఆ లోపల పిలిస్తే పరుగున వస్తానని రాశాడు. ఆ గురువారం గడిచిపోయింది. నేను ఆరోజు దర్జీకి దయ గురించి చెబుతున్నాను.

ఇంకొకరిది, శనివారం నాటిది: 'అమ్మా, నేను మంగళవారమే వస్తానని రాశాను కదా. మీ నుంచి కబురు లేకపోతే అవసరం తీరిపోయిందనుకుని నిన్న ఇంకో ఆసుపత్రి వాళ్ళు అడిగితే ఇచ్చేశాను. ఇక కొన్ని నెలలు ఇవ్వకూడదట. ఈరోజు మీ ఉత్తరం చూశాను. మా ఆవిడ చదివి ఏడ్చింది. నేను హృదయం లేనివాణ్ణి కాదండీ.'

ఇవి పెట్టెలో మిగిలినవి. మొదటి రెండు రోజులలో వచ్చినవి ఐదు రోజుల గడువు దాటి చెరిగిపోయాయి. రాసినవారెవరో లాగులలోనైనా తెలిసేది. లాగులను తగ్గించినది నేనే.

ఉదయం కళ్ళజోడుకు ఫోను చేశాను. నంబరు నొక్కి రెండుసార్లు పెట్టేశాను. మూడోసారి ఆయనే తిరిగి చేశాడు.

"అక్కా, మీరేనా? రెండుసార్లు మోగి ఆగిపోయింది."

"బల్ల కింద డబ్బా" అన్నాను.

 "తీసేశారా?"

"స్టోరుకు పంపాను. శుక్రవారం కాదు, ఆ ముందు శుక్రవారం."

"అయ్యో అక్కా" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. "దాని మీద చీటీ ఒకటి అంటించాల్సింది నేను. రోజూ అనుకునేవాణ్ణి, బద్ధకం. ఏ అంకె వచ్చినా చెడ్డదే అని ఫిల్టర్‌కి నేర్పింది కూడా నేనే. అప్పట్లో ఒకటే అంకె వచ్చేది మరి. సరే, రాసుకోండి."

రాసుకున్నాను. పక్కన కూర్చుని చూపించినట్టే, ఒక్కొక్క మెట్టూ చెప్పాడు. స్టోరు ఆయనతో పరుపుల కింది నుంచి డబ్బా తీయించి, యథాస్థానంలో పెట్టి, సర్వరును దాని వైపు తిప్పాను. ఫిల్టరులో ఏ అంకెకు ఏ అర్థమో విడివిడిగా రాశాను. గ్రంథాలయం మంచిదైంది. అగ్నిమాపక కేంద్రం మంచిదైంది. మధ్యాహ్నానికి లాటరీ ప్రకటనలు నాలుగు మెయిలు పెట్టెలోకి సక్రమంగా వచ్చి పడ్డాయి. వాటిని చూసి నా కళ్ళు చెమర్చాయని రాసుకోవడం హాస్యాస్పదమే గాని, అది నిజం.

డైరెక్టరు గారు అంతా విన్నారు. పేపర్‌వెయిట్ తిప్పుతూ కూర్చున్నారు.

"డ్రైవరు రక్తం పరీక్షలో సరిపోయిందా?"

"సరిపోయింది. ఒక సంచి ఉన్నది. ఇంకొకటి కావాలి. చెత్త పెట్టెలో ఉన్నవారిలో ఈ గురువారం లోపల ఇవ్వగలిగినవారు ఎవరూ లేరు."

"మళ్ళీ ఒక మెయిల్ పంపండి. అత్యవసరం అని పెద్ద అక్షరాల్లో. ఈ డబ్బా గొడవ బయటివాళ్ళకి ఎందుకమ్మా. రేపు ఏ పేపర్లోనో వేస్తారు."

సరేనన్నాను. నాకు హాయి అనిపించింది కూడా. ఆ హాయితోనే గది బయటికి వచ్చేసరికి బెంచీ మీద దర్జీ లేచి నిలబడ్డాడు. ఈయనకు ఏమి చెప్పాలో డైరెక్టరు గారు చెప్పలేదు.

"వాళ్ళు రాశారండీ" అన్నాను.

"ఎవరు?"

"దాతలు. వారం నుంచీ రాస్తూనే ఉన్నారు. నాకు చేరలేదు. నేను ఒక యంత్రాన్ని తీసేశాను, అందువల్ల చేరలేదు."

 తిడతాడని సిద్ధపడి నిలబడ్డాను.

"వారం రోజులుగా వాళ్ళను తిట్టుకుంటూ కూర్చున్నానండీ" అన్నాడు. "దారిలో కనబడ్డ ప్రతివాణ్ణీ. బస్సులో పక్కన కూర్చున్నవాణ్ణి కూడా. నీలోనూ ఆ రక్తం ఉందేమో, ఇవ్వవు కదరా అని." తరువాత కూర్చుని, రెండు చేతులతో ముఖం తుడుచుకుని, "ఆవిడకు ఈ సంగతి చెప్తా" అన్నాడు. "లోకం మీద అలిగి పడుకుంది."

బుధవారం

నిన్న డైరెక్టరు గారు చెప్పినట్టే అత్యవసరమని ఉత్తరం పంపాను. మధ్యాహ్నం దాకా జవాబు వచ్చినది ఒక్కటి: 'మొన్న తిట్టారు, ఇప్పుడు పెద్ద అక్షరాలు. నా పేరు తీసేయండి.'

అలా ఎందుకు రాయరు? రాసినవారికి జవాబు రాలేదు, పైగా తిట్లు వచ్చాయి. రాయనివారికీ తిట్లే. మూడోసారి పిలిస్తే ఎవరు వస్తారు?

ఇంటికి వచ్చి ఇంకొక ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. మావారు టీ తెచ్చి, భుజం మీదుగా చదివారు.

"'కొన్ని సాంకేతిక కారణాల వలన' అంటే ఎవరే? మీ ఆఫీసులో కొత్తగా చేరారా?"

"అది వాడుకలో ఉన్న మాట."

"లిఫ్టు ఆగితే మా కంపెనీ కూడా అదే బోర్డు పెడుతుంది. ఎక్కేవాళ్ళు నమ్మరనుకో."

"అయితే ఏమి రాయమంటారు?"

"నాకేం తెలుసు, ఇంజినీరు నువ్వు" అని, మళ్ళీ, "దర్జీకి చెప్పినప్పుడు ఏ కారణాల వలన అని చెప్పావు?" అన్నారు.

రాసినదంతా కొట్టివేసి ఇలా రాశాను:

'అయ్యా, అమ్మా. ఈ రిజిస్ట్రీలో మెయిలు చూసేది నేను. మీ గురించి నేను రాసిన మాటలు అబద్ధం. మీలో అనేకులు జవాబు రాశారు. నేను ఒక యంత్రాన్ని అదేమి చేస్తుందో తెలుసుకోకుండా తీసివేసినందున అవి చెత్తలో పడ్డాయి. కొన్ని నేను చూసేలోపే చెరిగిపోయాయి కావున, ఎవరెవరు రాశారో నాకు ఇప్పటికీ తెలియదు. రాసినవారు నన్ను మన్నించండి. ఒక సంచి రక్తం దొరికింది. ఇంకొక సంచి రేపు సాయంత్రంలోగా దొరకకపోతే ఆమెకు ఆపరేషను లేదు. ఇప్పుడు మెయిలు నాకు చేరుతున్నది. ప్రతి మెయిలునూ నేనే చదువుతాను.'

డైరెక్టరు గారికి ఫోనులో చదివి వినిపించాను. నిట్టూర్చారు. "మీ సంతకంతో పంపండి. నా పేరొద్దు" అన్నారు. నా సంతకం కింద పట్టా పేరు రాయడం నాకు అలవాటు. ఈసారి రాయలేదు.

గురువారం

ఉదయం నుంచీ జవాబులు. ఓడ వంటవాడు ఏదో రేవు నుంచి రాశాడు: 'తిరిగొచ్చాక ఇస్తా, ఆమెను అప్పటిదాకా బతకమనండి.' రక్తం వేరే చోట ఇచ్చేసినాయన, 'మా ఆవిడకు చదివి వినిపించాను, ఇప్పుడు కుదుటపడింది' అని రాశారు. లెక్చరరు గారు నా ఉత్తరంలో వాక్యాలు చక్కగా ఉన్నాయనీ, జ్వరం ఇంకా తగ్గలేదనీ రాశారు. ఒకరు బాగా తిట్టారు. అందరికీ జవాబు రాశాను. వచ్చేవారు మాత్రం ఒక్కరూ లేరు. గడియారం వంక చూడకూడదని కుర్చీని అటు తిప్పుకున్నాను.

భోజనాల వేళకు ఇది వచ్చింది:

'మేడమ్, నేను అసలు రాయలేదు. నా విషయంలో మీ యంత్రం తప్పేమీ లేదు. నాకు సూది అంటే చచ్చేంత భయం. ఎప్పుడో కాలేజీలో స్నేహితులతో కలిసి పేరు ఇచ్చాను గాని ఒక్కసారీ ఇవ్వలేదు. మీ మొదటి ఉత్తరం చదివి మూసేశాను. రెండో ఉత్తరంలో మీరు తిట్టింది నన్నేనని అనుకుని ఇంకా గట్టిగా మూసేశాను. అందరూ రాయలేదు కదా, నాలాంటివాళ్ళే అందరూ అని సర్దిచెప్పుకున్నాను. వాళ్ళంతా రాశారని ఈరోజు తెలిసింది. రాయనిదాన్ని నేనొక్కదాన్నేనేమో. ఎక్కడికి రావాలి?'

'ఇప్పుడే రండి, నేను గేటు దగ్గర నిలబడి ఉంటాను' అని రాసి, చెప్పిన ప్రకారం వెళ్ళి నిలబడ్డాను.

ఆటో దిగినావిడ ముప్పై ఏళ్ళ మనిషి, సంచిని ఛాతీకి హత్తుకుని ఉన్నది. నేరుగా ల్యాబుకు తీసుకువెళ్ళాను. మంచం మీద పడుకోగానే నా చెయ్యి పట్టుకుంది.

"నన్ను తిట్టండి మేడమ్, అప్పుడు సూది సంగతి తెలీదు."

"తిట్లు అయిపోయాయి."

"అయితే ఏదైనా చెప్పండి."

ఏమి చెప్పాలో తోచక, డి.ఎన్.ఎస్. అనగా నేమి అన్న దానికి పరీక్షలో రాసిన జవాబును మొదటి నుంచి అప్పజెప్పాను. ఆమె శ్రద్ధగా విన్నది. సగంలో, "అయిపోయింది" అన్నాడు టెక్నీషియను.

"మిగతాది?" అని అడిగింది ఆమె.

మిగతాది కూడా చెప్పాను.

శుక్రవారం

సరిపోయింది. ఉదయం ఎనిమిదింటికి దర్జీ భార్యను లోపలికి తీసుకువెళ్ళారు.

నాకు అక్కడ పని లేదు. సెలవు చీటీ ఇచ్చి, ఆపరేషను గది బయట బెంచీ మీద దర్జీ పక్కన కూర్చున్నాను. ఆయన అభ్యంతరం చెప్పలేదు.

"మొదటి సంచి బస్సు డ్రైవరుదని ఆయనే వచ్చి చెప్పిపోయాడు" అన్నాడు. "రెండో ఆవిడెవరండీ?"

"దాతల వివరాలు చెప్పరాదు. నియమం."

"పేరు వద్దులెండి. మంచిదే అయి ఉంటుంది."

"మొదట రాయలేదు. భయపడింది."

 "అయితే ఏం. వచ్చింది కదా" అన్నాడు.

 మధ్యాహ్నం దాటాక తలుపు తెరుచుకుంది. నర్సు ఆయనను వేలితో పిలిచింది, ముఖంలో ఏమీ తెలియనీయలేదు. ఆయన చెప్పులు బెంచీ కింద వదిలేసి పరిగెత్తాడు. ఒకటి ఇటు, ఒకటి అటు పడ్డాయి. ఊడ్చే ఆమె చీపురుతో అటువైపు వస్తుంటే, వాటిని తీసి జతగా నా పాదాల పక్కన పెట్టుకుని, ఎవరూ కదపకుండా కూర్చున్నాను.

చాలాసేపటికి వచ్చాడు. నా వంక చూడకుండా చెప్పులలో కాళ్ళు దూర్చుకుంటూ, "నీళ్ళడిగింది" అన్నాడు.